ముందరికి కొత్తవి, వెనక్కి పాతవి

సంగటికి ఎసరు పెట్టి, అది కాగే లోపల లారీ చక్రాలకు ముళ్లు తీయాల. అది కాశమ్మ పని. చక్రం పక్కన గొంతుక్కూర్చుని, కుడి అరచేయి టైరు మీద ఆనించి మెల్లగా జరుపుకుంటా పోతాది. తుమ్మముల్లు విరిగి రబ్బరులో మునిగిపోతే కంటికి కనపడదు. చేతికి తగులుతాది. తగిలిన చోట సూదితో గెలికి తీసి కొంగులో వేసుకుంటాది. నేల మీద పారేస్తే మళ్లీ అదే చక్రానికి గుచ్చుకుంటాది గదా. ఒకనాడు కొంగులో ముల్లు మరిచిపోయి, ఆ కొంగుతోనే వేడి గిన్నె పట్టుకుని గురవయ్యకు అందించింది. ఆయన వేలికి గీరుకుంది. గిన్నె గోడకు తగిలి సొట్ట పోయింది. ఇప్పుడు ఆ సొట్టగిన్నెలో కాశమ్మ తింటాది.

గురవయ్య ఆమె మొగుడు. మార్కాపురంలో పలకల గనుల కాడ మొదట ఎద్దులబండి తోలేవాడు. ఒక షావుకారు పదేండ్లు వాడి వదిలేసిన చిన్న లారీ బేరానికి వస్తే, కాశమ్మకు రాచర్లలో పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం అమ్మి కొన్నాడు. ముందర ఇద్దరు కూర్చునే గది. వెనక కప్పు లేని చెక్క తొట్టి. యుద్ధం వచ్చి రైలుపెట్టెలన్నీ పట్టాళానికి పోయినాక పలకలకు లారీలే దిక్కయినాయి. మార్కాపురంలో పలకల పెట్టెలు ఎత్తుకుని, కంభం, గిద్దలూరు దాటి, నల్లమల కనుమ ఎక్కి నంద్యాలలో దించి రావాల. వారానికి రెండుసార్లు. పెట్రోలు గూడా పట్టాళానికే పోయింది. అందుకని తొట్టి పక్కన ఇనుప పీపా ఒకటి బిగించి, దాంట్లో బొగ్గులు రాజేసి, ఆ గ్యాసుతో ఇంజను నడుపుతారు. ఆ పీపా రాజేసేది కాశమ్మే. ఇంట్లో ఒక పొయ్యి, లారీకి ఒక పొయ్యి. రెండిటికీ ఊదే నోరు ఒకటే.

ముందు ఆ పని ఏబేలు చేసేవాడు. చర్చి పక్క పల్లెలో ఉంటాడు, నలభై ఏండ్ల మనిషి, జీతానికి క్లీనరు. టైర్లు అరిగి గాట్లు పోతా ఉంటే ఒకరోజు వాకిట్లో నిలబడి, ఈ టైర్ల మీద నేను కనుమ ఎక్కలేనయ్యా, నాకు నలుగురు బిడ్డలుండారు అని చెప్పి మానుకున్నాడు. గురవయ్య వానికి ఏం చెప్పలేదు. ఇంట్లోకి వచ్చి, మనిషి ఊరికే కూర్చుని తింటా ఉంటే బయటివాణ్ణి పెట్టుకునేదెందుకు అన్నాడు. అత్త వెంకటసుబ్బులమ్మ అవునవును అనింది. పిల్లా జెల్లా లేనిదానికి ఇంట్లో ఏం పని ఉండాది అనింది.

ఊరికే అనే మాట ఆ రోజంతా కాశమ్మ చెవిలో తిరిగింది. తెల్లవారకముందు లేచి పేడ తీసి, నీళ్లు మోసి, జొన్నలు విసిరి, అత్త కాళ్లకు ఆముదం రాసి, ఆయన నూనె గుడ్డలు బూడిదనీళ్లలో నానేసి ఉతికి, గనుల కాడ పెట్టెలకు గడ్డి పరిచి పలకలు పేర్చి వస్తే, అదంతా ఊరికే అవుతాదా. అయితే ఊరికే కానిది ఏందో. ఏబేలుకు జీతం ఇచ్చినప్పుడు అది పని. అదే తన చేతికి వచ్చినాక ఊరికే. చెయ్యి మారితే పని పేరు మారిపోతాదేమో అనుకుంది. ఎవరిని అడగాలో తెలియలేదు. అడిగితే, చూడు నోరు, అంటారు.

మానుకునే రోజు ఏబేలు పోతా పోతా ఆమెకు ఒక మాట చెప్పినాడు. "అమ్మా, చక్రానికి ఎదురుగా ఎప్పుడూ నిలబడొద్దు. పక్కన నిలబడు. టైరు పగిలే ముందు నీకు చెప్తాది. ఇంజను చప్పుడు వినొద్దు, టైరు చప్పుడు విను."

కనుమలో పని ఇట్ల ఉంటాది. బొగ్గు గ్యాసుకు బలం చాలదు. మలుపు మలుపుకీ ఇంజను ఆయాసపడి ఆగిపోతాది. బ్రేకు సగమే పడతాది. లారీ వెనక్కి జారకముందే తొట్టిలోంచి దూకి, ఎడమ వెనక చక్రం కింద చండ్రమాను మొద్దు అడ్డం పెట్టాల. కుడి పక్కన లోయ. అందుకని ఎప్పుడూ ఎడమే. గురవయ్య లోపల నుంచి "అడ్డం" అని అరుస్తాడు. పేరు పెట్టి గానీ, ఏమే అని గానీ పిలవడు, అంత వ్యవధి ఉండదు. గ్యాసు మళ్లీ అందుకుని లారీ కదిలితే మొద్దు ఎత్తుకుని చక్రం పక్కనే నడవాల. ఆగితే మళ్లీ పెట్టాల. పద్నాలుగు మలుపులు. పైకి చేరినాక తొట్టి ఎక్కి పెట్టెల మీద కూర్చోవాల. ముందర గదిలో ఇంకొక మనిషికి చోటుంది. ఆ చోట్లో గురవయ్య మంచినీళ్ల కూజా ఉంటాది. ఒకసారి వాన పడతా ఉంటే కాశమ్మ ముందర కూర్చుంటానని అడిగింది. వెనక పెడితే కూజా పగిలిపోతాది అన్నాడు.

పోయినేడు మూడో నెల కడుపు పోయింది. అంతకుముందు ఏడు ఒకటి పోయింది. మంత్రసాని శేషమ్మ రక్తం గుడ్డలు చుట్టతా, దూకే పని మానిపించండమ్మా, దూకే కడుపు నిలబడదు అని అత్తకు చెప్పింది. అత్త ఆ మాట కొడుకుదాకా పోనీలేదు. నా కొడుకు వంశానికి అడ్డం పడినావు గదే అని మాత్రం కోడలికి చెప్పింది. కాశమ్మకు అప్పుడు నవ్వొచ్చింది. అమ్మేమో అడ్డం పడినావంటాది. కొడుకేమో అడ్డం పడమంటాడు. మంచం మీద గోడ దిక్కు తిరిగి నవ్వింది. నాలుగో రోజు లారీ కదిలింది. ఆమె తొట్టిలో ఉంది.

గురవయ్య చెడ్డవాడని ఆమె అనుకోలేదు. అది గూడా చెప్పాల. కొట్టేవాళ్లలో ఆయన ఎక్కువ కొట్టేవాడు కాదు. తాగడు. ఆయనకు తెలియదు, అంతే అనుకునేది. ముందర కూర్చున్న మనిషికి వెనక ఏం జరుగుతాదో ఎట్ల తెలుస్తాది. తెలిస్తే అట్ల చేయడు. ఈ మాటను ఆమె మూడేండ్లుగా అరగదీసుకుంటా ఉంది. తెలియదు, తెలిస్తే చేయడు. ఇక ఆయనతో పని జరిపించుకునే దారి ఒకటి కనిపెట్టుకుంది. తిరగేసి చెప్పాల. వంకాయలు కావాలంటే ఈ వారం వంకాయలొద్దులే అనాల, తెస్తాడు. పుట్టింటికి పోవాలంటే ఈ ఎండల్లో రాచర్ల ఎవరు పోతారు అనాల, పో అంటాడు. పెండ్లాం చెప్పింది చేసినాడని ఎవరూ అనకూడదు, ఆయన భయం అది. ఆ భయానికి ఆమె గొళ్లెం కనిపెట్టింది. లోపలికి తోస్తే బయటికి తెరుచుకునే తలుపు అది.

టైర్లు ఇక ఒక్క నెల గూడా రావని తేలిపోయింది. ముందరివి నున్నగా అయినాయి. వెనకవి గుడ్డ కనపడతా ఉండాయి. జపాను వాళ్లు రబ్బరు తోటలు పట్టుకున్నారని, కొత్త టైరు కావాలంటే పర్మిట్టు కావాలని చెప్పినారు. గురవయ్య కచేరీల చుట్టూ మూడు నెలలు తిరిగినాడు. రెండు కొత్త టైర్లకు పర్మిట్టు వచ్చింది. రెండే. మిగతా రెండు ఎవరైనా వాడి వదిలినవి చూసుకోవాల.

మార్కాపురంలో బస్సులు ఆగే చోట కాటమరాజు దుకాణం. టైర్లు, ట్యూబులు, నూనె డబ్బాలు అమ్ముతాడు. అక్కడికి కాశమ్మను గూడా రమ్మన్నాడు గురవయ్య. ఎత్తడానికి మనిషి కావాల అన్నాడు. కారణం అది కాదని ఆమెకు తెలుసు. పాత టైరు లోపల చెయ్యి పెట్టి చూడాల. ఆ చెయ్యి ఆయనకు లేదు. ఆమెకుంది. ఆ మాట ఒప్పుకోకుండా ఆమె చెయ్యి మాత్రం దుకాణానికి రావాల. ఆమె పొద్దున తల దువ్వుకుని, ఉన్నదాంట్లో చినగని చీర కట్టుకుంది. ఎందుకో సంతోషంగా ఉంది. టైర్లు ఏరే పనికి పిలిచినాడు గదా. నిజమైన పనికి పిలిచినాడు. పెండ్లయినాక ఒక వస్తువు మంచిదా చెడ్డదా అని ఆ ఇంట్లో ఆమెను అడగడం అదే మొదలు. పైకి అడగకపోయినా అడగడమే.

దుకాణం ముందర నలుగురు కూర్చుని ఉన్నారు. పలకల గుమాస్తా కోటయ్య ఒకడు. ఆమెను చూసి కోటయ్య, ఏంది గురవయ్యా, ఈ మధ్య క్లీనర్లు చీరలు కడతా ఉండారా అన్నాడు. అందరూ నవ్వినారు. గురవయ్య గూడా నవ్వినాడు. జీతమడగని క్లీనరు కావాలంటే చీర కట్టినదాన్నే తెచ్చుకోవాల బావా అన్నాడు. కాటమరాజు ఒక్కడే నవ్వలేదు. రామ్మా చెల్లె, ఇట్ల నీడకు రా అని ఆమెకు దోవ ఇచ్చినాడు.

పర్మిట్టు చూసుకుని కాటమరాజు రెండు కొత్త టైర్లు లోపల నుంచి దొర్లించుకుంటా తెచ్చినాడు. నల్లగా, పొడి చల్లినట్టు ఉండాయి. గాట్లు ఒక్కొక్కటి వేలు లోతు. వాసన కొత్తది, మంట మాదిరి ముక్కుకు తగులుతాది. కాశమ్మ ముట్టుకోబోయింది. తడి చేత్తో ముట్టొద్దు అన్నాడు గురవయ్య. చెయ్యి తడిగా లేదు.

పాతవి ఆరు గోడకు ఆనించి ఉండాయి. వీటికి నేను హామీ ఇవ్వను, చూసి తీసుకోండి అన్నాడు కాటమరాజు. గురవయ్య కాలితో తన్ని చూసినాడు. అందరు మొగవాళ్లు అట్లనే చూస్తారు. కాశమ్మ మోకాళ్ల మీద కూర్చుని, మొదటి దాంట్లో చెయ్యి పెట్టింది. చేటలో బియ్యం ఏరినట్టు వేళ్లు తిప్పుకుంటా పోయింది. ఒక ముల్లు మొన తగిలింది, పరవాలేదు, తీయొచ్చు. రెండోది ఎక్కడో ఎండలో పడి ఉన్నది, ఎండు రొట్టె మాదిరి చిట్లింది. మూడోది చూడడానికి బాగలేదు, గాట్లు సగం పోయినాయి, కానీ లోపల గుడ్డ పొరలు గట్టిగా ఉండాయి, చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఇది మంచిది అనుకుంది. నాలుగోది అన్నిట్లోకి అందమైనది. పాత టైరు మీద కొత్త రబ్బరు పోసి గాట్లు కోసినారు. దూరం నుంచి చూస్తే కొత్తదే. ఆమె చెయ్యి దాని లోపల సగం తిరిగి ఆగిపోయింది. ఒక చోట మెత్తగా ఉంది. మాగిన సీతాఫలం నొక్కినట్టు వేలు దిగింది. జానెడు పొడవున పొరలు తెగి ఉండాయి.

అప్పటికే గురవయ్య ఆ నాలుగోదాని మీద చెయ్యేసి నిలబడినాడు. కోటయ్యకు చూపిస్తా ఉండాడు, చూడు బావా, కొత్తవాటి పక్కన పెడితే తేడా కనపడదు అని.

అప్పుడు కాశమ్మ తప్పు చేసింది. తిరగేసి చెప్పాల. ఇది బాగుంది, ఇదే తీసుకుందాం అని ఉంటే ఆయన వెంటనే వదిలేసేవాడు. మూడోదాన్ని చూపించి ఇది పనికిరాదు అని ఉంటే అదే ఎత్తుకునేవాడు. మూడేండ్లు వంకాయలకు, పుట్టింటికి వాడిన ఉపాయం ప్రాణం మీదికి వచ్చినప్పుడు గుర్తుకు రాలేదు. సంతోషంలో ఉంది గదా. పనికి పిలిచినారనుకుంది. పనివాళ్లు చెప్పినట్టు చెప్పింది.

"ఇది వద్దు. లోపల తెగింది. ఆ మూడోది, ఈ మొదటిది తీసుకో."

నలుగురు మొగవాళ్లు ఆమె దిక్కు తిరిగినారు. కాటమరాజు వంగి నాలుగో టైరు లోపల తనూ చెయ్యి పెట్టి చూసినాడు. చెల్లె చెప్పింది నిజమేనన్నా, ఇది వద్దు అన్నాడు. ఆ మాటతో ఇంకా చెడింది. కోటయ్య గొంతు సవరించుకుని, అయితే గురవయ్యా, ఇక బేరం నీతో చేయాల్నా, మీ ఆవిడతో చేయాల్నా అన్నాడు.

గురవయ్య నాలుగో టైరును దొర్లించి పక్కన పెట్టినాడు. ఇదే అన్నాడు. రెండోదిగా ఆ ముల్లుదిగిన మొదటిదాన్ని పట్టుకున్నాడు. ఆడది వేలు పెట్టి చూసిందని టైరు మార్చుకుంటే రేపు నేను మార్కాపురం బజార్లో ఎట్ల నడవాల అన్నాడు. నవ్వుతానే అన్నాడు. అందరూ నవ్వినారు. కాశమ్మ మోకాళ్ల మీద నుంచి లేచింది. చేతికి రబ్బరు మసి అంటుకుంది. ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అట్లనే పట్టుకుని నిలబడింది.

కాటమరాజుకు అది నచ్చలేదు. పోనీ, కొత్తవి రెండూ వెనక చక్రాలకు వెయ్యన్నా అన్నాడు. బరువంతా వెనక ఉంటాది, కనుమలో వెనకది పోతే లారీ జారిపోతాది, పాతవి ముందర వేసుకుని మెల్లగా పో అన్నాడు. గురవయ్య టైరు మీద చెయ్యి తీయకుండా, తల ఊపకుండా విన్నాడు. తర్వాత చెప్పినాడు.

"ముందర మనిషి ఉంటాడు. వెనక సరుకు ఉంటాది."

ఎవరూ నవ్వలేదు. నవ్వేంత మాట కాదది. లెక్క ప్రకారం చెప్పినట్టు చెప్పినాడు. కాటమరాజు కాశమ్మ దిక్కు చూసి కండ్లు దించుకున్నాడు. ఆమెకు ఆ మాట ఇంటికి పోయేదాకా అర్థం కాలేదు. అర్థం కాకేం, అయింది, లోపలికి రానీలేదు. మాట వరసకు అన్నాడు. నన్ను సరుకులో లెక్కపెట్టి అన్నాడా. పెట్టడు. నన్ను మరిచిపోయి అన్నాడు. మరిచిపోవడం వేరు, లెక్కపెట్టడం వేరు. ఆయనకు నేను వెనక ఉంటానని ఆ క్షణానికి గుర్తు లేదు, అంతే. తెలియదు, తెలిస్తే చేయడు. టైరు నెత్తిన పెట్టుకుని ఇంటికి నడస్తా ఈ మాట నూరుసార్లు అనుకుంది. నెత్తిన ఉన్నది ఆ నాలుగోదే. మెత్తని చోటు ఎక్కడుందో తలకు తెలుస్తా ఉంది.

ఇంటి ముందర కొత్త టైర్లకు పసుపు రాసి బొట్టు పెట్టాల. కాశమ్మ పసుపు కలిపి తెచ్చింది. అత్త ఆమె చేతిలో గిన్నె తీసుకునింది. కొత్తవాటికి నీ చెయ్యి వద్దమ్మి, పిల్లల తల్లి పెట్టాల అనింది. ఎదురింటి లక్ష్మీదేవమ్మను పిలిపించి పెట్టించింది. ఆమెకు ఐదుగురు. బొట్లు పెడతా లక్ష్మీదేవమ్మ కాశమ్మ మొగం చూడలేకపోయింది. పాత టైర్లకు బొట్టు అక్కర్లేదు. వాటికి కాశమ్మ చెయ్యి పనికొచ్చింది. తెగిన చోట లోపలి దిక్కున పాత టైరు ముక్క ఒకటి కోసి, అంచులు చెక్కి, రబ్బరు జిగురు పూసి అంటించింది. ఏబేలు చేసేటప్పుడు చూసిన పని అది. అంటించినంతసేపు గురవయ్య అరుగు మీద కూర్చుని సంగటి తిన్నాడు. చూసినావా, అదే సరిపోయింది, దీనికి దుకాణంలో అంత రచ్చ చేసినావు అన్నాడు. ఏ చక్రానికి వేయమంటావు అని ఆమె అడిగింది. అందమైనది గదా, ఎడమ పక్క వెయ్యి, బజారు దిక్కు కనపడతాది అన్నాడు.

ఎడమ పక్క. మొద్దు పెట్టే పక్క. ఆ పక్కనే పద్నాలుగు మలుపులు నడవాల. ఆమె పానా పట్టుకుని మరలు బిగించింది. బిగించడం ఆమె పనే.

మూడు తడవలు ఏం కాలేదు. ఏం కాకపోయే కొద్దీ గురవయ్య ప్రతిచోటా ఆ సంగతి చెప్పుకున్నాడు. గిద్దలూరులో టీ అంగడి కాడ, మా ఇంట్లో టైర్ల పండితురాలు ఉండాది, ఆమె మాట వింటే ఈపాటికి బండి షెడ్డులో ఉండేది అన్నాడు. కాశమ్మ తొట్టిలో పెట్టెల మీద కూర్చుని వింది. రాత్రిపూట చేతికి ఆ మెత్తదనం తగులుతానే ఉండేది. అన్నం ముద్దలో గూడా తగిలేది. అయినా ఒక సంగతి ఆమెను నిలబెట్టింది. ఆ మెత్తదనం ఆయన చేతికి తగల్లేదు. తగిలుంటే వేరే.

నాలుగో తడవ మాఘమాసం, పట్టపగలు. పెట్టెలు ఎప్పటికంటే పది ఎక్కువ ఎత్తినారు. దిగువమెట్ట దాటినాక ఎక్కుడు మొదలయింది. మొదటి మలుపులోనే ఇంజను ఆగింది. "అడ్డం" అన్నాడు. దూకి పెట్టింది. రెండు. మూడు. ఎండకు కొండ రాయి కాలతా ఉంది. ఆరో మలుపు దాటినాక చప్పుడు మారింది. రోడ్డు మీద చక్రం తిరిగితే కంకర నలిగే చప్పుడు ఒకే వరసలో ఉంటాది. ఇప్పుడు దాని నడుమ ఒక చిన్న తట్టు. తిరుగుడుకు ఒకసారి. తడి గుడ్డతో బండను కొట్టినట్టు. ఆమె మొద్దు ఎత్తుకుని నడస్తా చూసింది. ఏం కనపడలేదు. ఎనిమిదో మలుపులో లారీ ఆగింది. మొద్దు పెట్టి, పక్కకు జరిగి, వంగి చూసింది. టైరు లోపలి చెంప మీద, గుమ్మడి పిందంత పొంగు. రబ్బరు సాగి సాగి పలచనై ఎర్రగా కనపడతా ఉంది. అంటించిన ముక్క అంచు దాని కింద గీతలాగ తేలింది.

ఇంకా ఆరు మలుపులు. ఆమె ముందరికి నడిచి కిటికీ కాడ నిలబడింది. అట్ల వచ్చి నిలబడడం ఎప్పుడూ లేదు. గురవయ్య రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, కాలు బ్రేకు మీద పెట్టి ముందరికే చూస్తా ఉండాడు.

"ఎడమ టైరు పొంగింది," అనింది.

ఎంత అని అడిగినాడు. గుమ్మడి పిందంత అని చెప్పింది. ఆయన తిట్టలేదు. అబద్ధమని గూడా అనలేదు. ఏమైంది అని అడగలేదు, ఎక్కడ అని అడగలేదు. ఆ ఎక్కడ ముందే తెలిసిన మనిషి మాదిరి ఉండాడు. పెట్టెలు సగం దింపుదాం అనింది ఆమె. అడవిలో సరుకు దింపితే కాపలా ఎవరు అన్నాడు. ఎవరైనా వచ్చేదాకా ఆగుదాం అనింది. గ్యాసు చల్లారితే మళ్లీ రాజుకోదు అన్నాడు. అన్నిటికీ జవాబు ఉంది ఆయన దగ్గర. జవాబులు ఇంత తొందరగా ఎట్ల వచ్చినాయా అని ఆమెకు తోచింది. అయితే ముందరి కొత్తదాన్ని ఒకటి తీసి వెనక వేద్దాం, రాళ్లు పేర్చి నేనే మారుస్తా, నువ్వు దిగే పని గూడా లేదు అనింది.

అప్పుడు గురవయ్య ఆమె దిక్కు తిరిగినాడు. ఆయన మొగంలో కోపం లేదు. తెలివి తక్కువ పిల్లకు చెప్పినట్టు చెప్పినాడు.

"పగిలేదాన్ని తెచ్చి నా కింద పెట్టుకోమంటావా?"

కాశమ్మ ఆ మొగాన్ని చూసింది. మూడేండ్లలో పగటి వెలుతురులో అంత దగ్గరగా, అంతసేపు ఆ మొగాన్ని ఎప్పుడూ చూడలేదు. గడ్డం మీద చిన్న మచ్చ ఉంది. తెలుసు ఈయనకు. పగిలేదని తెలుసు. ఎక్కడ పగులుతాదో తెలుసు. పగిలినప్పుడు పక్కన ఎవరుంటారో తెలుసు. దుకాణంలో తెలుసు, అరుగు మీద సంగటి తింటా ఎడమ పక్క వెయ్యి అన్నప్పుడు తెలుసు. ఏబేలు మానుకున్నప్పుడు వాణ్ణి ఒక్క మాట అనకుండా ఇంట్లోకి వచ్చినాడే, అప్పటి నుంచే తెలుసు. వాడు చెప్పింది నిజమని నమ్మినాడు గాబట్టే వాణ్ణి తిట్టలేదు. ఆయన మరిచిపోలేదు. లెక్కపెట్టినాడు. మూడేండ్లు ఆమె ఒక మనిషిని మనసులో కాపాడుకుంటా వచ్చింది, అమాయకుడు, తెలియనివాడు అని. ఆ మనిషి లేడు. ఎప్పుడూ లేడు. ఏడుపు రాలేదు. వింత ఏమంటే ఒళ్లు తేలికయింది. తెలియనివానికి తెలిసేటట్టు చెప్పే పని ఒకటి మూడేండ్లుగా నెత్తిన ఉంది, అది దిగిపోయింది. ఏం కాదులే, ఈ టైరు మీదనే ఎక్కుదాం అని తిరగేసి చెబితే ఇప్పుడైనా పని జరుగుతాదేమో అని ఒక తలపు వచ్చింది. నోరు రాలేదు. ఆ గొళ్లెం మీద ఇక చెయ్యి వేయబుద్ధి కాలేదు.

"అది పగిలే లోపల మనం పైకెక్కాల," అన్నాడు గురవయ్య. "తొందరగా పో, మొద్దు పట్టుకో."

ఆమె వెనక్కి నడిచింది. చక్రానికి ఎదురుగా కాక పక్కనే వంగింది. మొద్దు సరిగ్గా ఉందా చూసింది. ఒక మూల కొంచెం తేలి ఉంది. పక్కనున్న రాయి తెచ్చి ఆ మూల కింద దోపింది. ఇంకొక పెద్ద రాయి దొర్లించుకుని వచ్చి కుడి చక్రం కింద గూడా పెట్టింది. ఆ పక్క లోయ. అక్కడ ఎప్పుడూ పెట్టలేదు. రెండూ మడమతో తన్ని గట్టి చేసింది. ఆయన చావాలని ఆమెకు లేదు. ఆ సంగతి తన లోపల వెతికి చూసుకుంది, నిజంగానే లేదు. లారీ ముందరికి కదలొచ్చు. కానీ తర్వాతి మలుపులో ఆగితే అడ్డం పెట్టే మనిషి ఉండదు. అది తెలిసి ఆయన కదలడు. దిగి వెనక్కి వద్దామంటే బ్రేకు మీద నుంచి కాలు తీయాల. తీసినా మొద్దు, రాళ్లు లారీని ఆపుతాయి. ఆపుతాయని ఆమెకు తెలుసు. ఆయనకు తెలియదు. కూర్చుంటాడు.

కొంగు నడుముకు దోపుకుని గిద్దలూరు దిక్కు దిగడం మొదలుపెట్టింది. ఏమైంది, పెట్టినావా, కదలమంటావా అని వెనక నుంచి అడిగినాడు. తర్వాత హారను కొట్టినాడు. తర్వాత అడ్డం, అడ్డం అని అరిచినాడు. ఏం అరవాలో వేరే మాట ఆయనకు దొరకలేదు. కింద అడవి చౌకీలో మనుషులుంటారు. పైన ఒకాయన ఉండాడు, పోయి సాయం చేయండి అని వాళ్లకు చెప్పాల్నా వద్దా అనేది ఇంకా తేల్చుకోలేదు. చౌకీ మూడు మైళ్లుంది. దారిలో ఆలోచించుకోవచ్చు. అక్కడి నుంచి రాచర్లకు పోవాల్నా, ఇంకెక్కడికైనా పోవాల్నా అనేది గూడా. మలుపు తిరిగేదాకా వడివడిగా నడిచింది. తిరిగినాక నడక తగ్గించింది. తొందర ఆయనది.